తీతువు అరిచిన మాట

చెరువు ఎండిపోగా తీతువు పిట్ట పని వెతుక్కుంటూ బాతుల కుంటకు వచ్చింది. బాతుల భాష దానికి నాలుగు ముక్కలే వచ్చు. అయినా జంకకుండా కాపలా పని అడిగి తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే గట్టు మీద నక్క కనబడింది. తీతువు నక్క అనబోయి "నత్త, నత్త" అని అరిచింది. నత్తలంటే పడిచచ్చే బాతులు ఆత్రంగా గట్టెక్కాయి. తప్పు గ్రహించిన తీతువు ఒక్క ఊపున ఎగిరి నక్క కళ్ల మీద పొడిచింది. నక్క పారిపోయింది.

"మీ వైపు నత్తలకు తోకలుంటాయా? అవ్వా, దీన్ని పంపెయ్యి," అంది ఒక బాతు.

"పని వచ్చినదాన్ని పంపను," అంది ముసలి బాతు. "కానీ పిట్టా, మాట రాని కాపలా మాకు ముప్పే."

"నేర్చుకుంటా అవ్వా. అందాకా తిండి ముట్టను," అంది తీతువు.

పొద్దు వాలకముందే అది నక్కను నక్క అని, నత్తను నత్త అని తప్పులేకుండా పలికి, కడుపునిండా తింది.