వెనకాల నడిచేది

"బ్యాటరీ మారుస్తాను గానీ, అసలు రోగం అది కాదమ్మా," అన్నాడు ఫోన్లు బాగుచేసే అతను. "వెనకాల ఓ యాప్ ఆగకుండా నడుస్తోంది. మీరెక్కడున్నారో ఎవరికో పంపుతూనే ఉంది."

ఆమె గతుక్కుమంది. "ఎవరికి?"

"‘ఆయన’ అని ఉంది."

"నాకు రాత్రి షిఫ్టులున్నప్పుడు మా ఆయనే పెట్టారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన ఫోను ఆఫ్ చేసి బీరువాలో పడేశాను."

అతను గొంతు తగ్గించాడు. "ఆఫ్‌లో లేదమ్మా. ఇప్పుడే ఎవరో చూశారు కూడా."

మరుక్షణం ఆమెకు గుర్తొచ్చింది. తను ఏ వేళకి ఇంటికెళ్లినా, బెల్లు మీద వేలు పెట్టకముందే అత్తగారు తలుపు తీస్తుంది. కోడలు ఎన్నింటికొస్తోందో కాపలా కాస్తోందనుకుని, తను రోజూ మొహం మాడ్చుకుని లోపలికి పోతుంది.

"ఆ యాప్ తీసెయ్యనా?"

"వద్దు. బ్యాటరీ ఒక్కటే మార్చండి."

"అయితే ఓ అరగంట ఫోను ఆఫ్ చెయ్యాలి."

"ఆఫ్ చేస్తే నేను అక్కడ కనబడనా?"

"కనబడరు."

"ఒక్క నిమిషం ఆగండి."

ఏడాదిగా తాకని ‘ఆయన’ నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తారు. మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అత్తయ్యా, నేనే. నా ఫోను ఓ అరగంట ఆపుతున్నారు. కనబడలేదని కంగారుపడకండి."



"వాడు కూడా ఇలా ఒక్క మాట చెప్పి వెళ్లుంటే బాగుండేదే తల్లీ," అంది అత్తగారు.