పిలుపు బొట్టు

వరలక్ష్మీ వ్రతానికి పిలవడానికి వెళ్లి కుంకుమ భరిణె మూత తీయగానే, మాణిక్యమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

భరిణె వెనక్కి తీసుకున్నాను. "అన్నయ్యగారు బాగున్నారు కదమ్మా?"

"ఆయనకేం, లోపల ఉప్మా తింటున్నారు. మీ బొట్టుకో దణ్ణం వదినగారూ."

ఫోను నా ముందు పెట్టింది. ఏదో క్రిప్టో కాయిన్ల యాప్. అందులో భరిణె పట్టుకున్న నా ఫొటో. దాని కింద, "వదినగారు బొట్టు పెట్టి పిలుస్తున్నారు, కాదనకండి. చేరితే యాభై కాయిన్లు. మీరూ ఒకరికి బొట్టు పెడితే ఇంకో యాభై."

"మీరు పిలిచారని చేరాను. నేను పిలిచానని చల్లపల్లిలో మా చెల్లెలు పాడిగేదెను అమ్మి మరీ కాయిన్లు కొంది. ఇప్పుడవి ఎవరూ కొనరట. అది నాతో మాట్లాడటం మానేసింది."

"నేను పిలవలేదమ్మా" అన్నాను.

"ఫొటో మీదేగా?"

నాదే. పోయిన శ్రావణంలో మా కోడలు హరిచందన తీసింది. తను బెంజ్ సర్కిల్ దగ్గర కాయిన్ల కంపెనీలో పనిచేస్తుంది. ఒకరి చేత ఇంకొకరిని చేర్పించడానికి ఏ బహుమతి పెట్టాలో ఆలోచించడమే తన ఉద్యోగం.

"అత్తయ్యా, పేరంటానికి రానని ఎవరూ అనరెందుకు?" అని అడిగింది ఆ రోజు.

"బొట్టు పెట్టించుకున్నాక కాదనకూడదమ్మా" అని చెప్పాను.

నేను పిలవాల్సిన నలభై ఇళ్లూ నా వెంటే తిరిగింది. కోడలికి భక్తి కుదిరిందని మురిసిపోయి, ఆ సాయంత్రమే కొండెక్కి దుర్గమ్మకు చీర పెట్టి వచ్చాను.