ఎడమచేతి అల్లిక

"ఇది నూరేండ్ల కిందటిదేనా, దేవమ్మా? ఉన్నమాట చెప్పు."

పాండురంగం రుమాలు విప్పి, జానెడు లేసు ముక్కను ఆమె ముందు పెట్టాడు. దౌల్తాబాద్‌లో పేరున్న ఆసామి. తాండూరులో ఈ ఇరుకు గదిని వెతుక్కుంటూ రావడమే వింత. అతని కొడుకు సాయికిరణ్ గుమ్మంలో నిలబడ్డాడు, రమ్మన్నా లోపలికి రాలేదు. బయట కారు ఇంజను ఆపనే లేదు.

కర్ర కండెలకు దారం చుట్టి, దిండు మీద గుండుసూదులు గుచ్చి లేసు అల్లే పని దేవమ్మది. ఏది పాతదో, ఏది కొత్తదో వేళ్లతో తడిమి చెప్పేస్తుందని చుట్టుపక్కల పేరు.

"యాడ దొరికింది, పటేలా?"

"వికారాబాద్‌ల ఒక దుకాణంల. రెండేండ్ల కింద నా బిడ్డ సింధుజ ఇల్లిడిసి పోయింది. ఆ దుకాణంల లేసులు ఇస్తుంటే సూసిన్నని ఒకడు చెప్పిండు. పోయి అడిగితే దుకాణమోడు 'ఏ పిల్లా లేదు, ఇది పాతకాలంది' అంటడు. పాతదైతే మల్లి ఇంటికి పోత. కొత్తదైతే నా బిడ్డ గీ దగ్గర్లనే ఉన్నట్టు."

దేవమ్మ చేతిలోని కండెను దిండు మీద పెట్టింది. సింధుజ వికారాబాద్ నుంచి వచ్చి ఏడాది పాటు తన దగ్గరే పని నేర్చుకుంది, ఇప్పటికీ దారం తన దగ్గరే తీసుకుంటుంది. ఇంటి సంగతి ఎన్నడూ ఎత్తలేదు. "ఎవరన్న అడిగితే నన్ను ఎరుగనని చెప్పు, పెద్దమ్మా" అని మాత్రం ఒకసారి అంది.

"పాతదే అయ్యుంటది" అంది దేవమ్మ, ముక్క ముట్టుకోకుండానే.

పాండురంగం కళ్లు తుడుచుకున్నాడు. "వాళ్లమ్మ మంచం పట్టింది. బిడ్డ మొఖం ఒక్కసారి సూసి కన్ను మూస్త అంటున్నది. జర నిజం చెప్పు, తల్లీ."

అయ్యో, కన్నతల్లి కదా! దేవమ్మ మనసు కరిగిపోయింది. ముక్క తీసి వాసన చూసింది, ఒక పోగు లాగింది. ఇక పనితనం మాటొస్తే ఆమె నోటికి మూత ఉండదు.

"దుకాణమోడు పచ్చి అబద్ధాలకోరు! చాయ్ నీళ్లల్ల ముంచి పాతరంగు తెచ్చిండు. గా కాలంల దారం మోటుగ, మెరుపు లేకుండ ఉంటుండె. ఇది నేను ఏరి ఇచ్చిన దారమే. ఇగో, మెలికలు సూడు. అందరు కుడి కండెను ఎడమ దాని మీదికెళ్లి ఏస్తరు. ఇది తిర్లమర్ల. ఎడమచేతి పిల్ల అల్లింది."

"నా బిడ్డది ఎడమచెయ్యే."

గుమ్మంలో సాయికిరణ్ తల ఎత్తాడు. "ఇల్లు యాడ?" అన్నాడు. వచ్చినప్పటి నుంచి అతను అన్న మాట అదొక్కటే.

దేవమ్మ చెప్పింది. వికారాబాద్ రైల్వే గేటు అవతల, పాలకేంద్రం వెనక సందు.

"జర ఆగుండ్రి, ఫోన్ జేసి చెప్త."

"వద్దు. భయపడి ఇంకో దిక్కు పోతది. మేమే పోయి తోల్కొస్తం."

పాండురంగం లేసు ముక్కను అక్కడే వదిలేసి లేచాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. దేవమ్మ మనసు ఎందుకో కీడు శంకించింది. ఛ, కన్నతండ్రిని అనుమానిస్తే కళ్లు పోతాయని చెంపలేసుకుంది. అయినా ఉండబట్టలేక ఫోన్ తీసింది.

"బిడ్డా, కోపం జేయకు. మీ నాయన, మీ అన్న వస్తున్నరు. నేనే చెప్పిన. మీ అమ్మకు పాణం బాగలేదట, నీ కోసం ఏడుస్తున్నదట..."

అవతల సింధుజ ఆమె మాటను మధ్యలోనే ఆపింది.

"అమ్మ రెండేండ్ల సంది నా దగ్గర్నే ఉన్నది."