తిమ్మమ్మ పెట్టిన వెన్న

“నేనే పెట్టినాను డాక్టరమ్మా. వెన్న.”

తిమ్మమ్మ ఆ మాట అనగానే గదిలో ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. కొడుకు యతీశ్, కోడలు మంజు, హోసూరులో పేరున్న పిల్లల డాక్టరమ్మ.

బల్ల మీద గాజుగొట్టంలో మనవరాలు అమ్ములు రక్తం ఉంది. పైన తెల్లగా మీగడ కట్టింది. తిమ్మమ్మ పుట్టి పెరిగిందంతా అంచెట్టి పల్లెలో, పాలూ పెరుగుల మధ్యే. అలాంటి మనిషి కూడా పోయిన నెల మొదటిసారి చూసినప్పుడు అది రక్తమంటే నమ్మలేదు.

డాక్టరమ్మ అప్పుడే విడమరిచి చెప్పింది.

“కొవ్వు నీళ్లలో కలవదు కదా. అందుకని రక్తంలో చిన్న చిన్న మూటలు కట్టుకుని తిరుగుతుంది. ఆ మూటలు విప్పే గుణం మీ బిడ్డ ఒంట్లో పుట్టుకతోనే లేదు. విప్పని మూటలన్నీ రక్తంలోనే పేరుకుంటాయి. కడుపులో వాపు వస్తుంది. ప్రాణం మీదికి తెస్తుంది.”

“అట్లయితే కొవ్వే వద్దా మేడం?” అన్నాడు యతీశ్.

“కొవ్వు లేకుండా మెదడు పెరగదప్పా. ఈ డబ్బా పొడిలో వేరే రకం కొవ్వు ఉంది. అది మూట కట్టకుండా నేరుగా కాలేయానికి పోతుంది. ఇదొక్కటే పట్టండి. నెయ్యి వద్దు, నూనె వద్దు. తల్లిపాలు కూడా వద్దు.”

ఆ చివరి మాటకు మంజు గోడ పట్టుకుని కూలబడిపోయింది.

మంజు ఉత్త కోడలు కాదు. తిమ్మమ్మ అన్న కూతురు. తల్లి పోయిన పిల్లను ఎత్తుకొచ్చి పెంచి, తన కొడుక్కే చేసుకుంది.

“నా పాలే నా బిడ్డకు విషమంట అత్తా. ఇంక నేనుండి ఏం లాభం?” అనేది మంజు. ఒకరోజు మిద్దె అంచున నిలబడి కిందికి చూస్తుంటే తిమ్మమ్మే పరుగున పోయి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

పాలు ఆగడానికి మాత్రలు మింగింది. ఊళ్లో ఆడవాళ్లు చెప్పినట్టు గుండెలకు మల్లెపూలు కట్టుకుంది. అయినా తెల్లారేసరికి రవిక తడిసి ఉండేది. పాడు పాలు ఎండిపోవేమని ఏడ్చేది.

యతీశ్‌ది ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. బిడ్డను చూసుకునేది అత్తాకోడళ్లే. డబ్బా పాలు తప్ప చుక్క పట్టడం లేదని ఇద్దరూ ఒట్లు వేశారు. అయినా అమ్ములు మళ్లీ కడుపునొప్పితో మెలికలు తిరిగింది. రక్తంలో మళ్లీ మీగడ.

“బిడ్డ నోట్లోకి కొవ్వు పోతూనే ఉంది. ఎవరో పెడుతున్నారు,” అంది డాక్టరమ్మ ఈసారి కోపంగా. “ఏమ్మా మంజూ, నువ్వేనా?”

మంజు రెండు చేతులూ జోడించింది. “లేదు మేడం. నా బిడ్డ మీద ఆన.”

“బాగా గుర్తు తెచ్చుకో. పొరపాటున ఒక్కసారైనా...”

తిమ్మమ్మ నోరు విప్పింది అప్పుడే.

“మా పక్క పసిబిడ్డకు వెన్న నాకిస్తాముమ్మా. ఎముక గట్టిపడుతుందని. ఉత్త డబ్బా పాలకు పిల్ల ఏం బతుకుతుందిలే అని, వేలితో రోంత నాకించినాను.”

నమ్మకపోవడానికి ఏముంది? అంచెట్టి నుంచి దుత్త నిండా వెన్న మోసుకొచ్చిన మనిషి. “వెన్న తిని చచ్చినోళ్లు యాడైనా ఉండారా?” అని మొదటి రోజే ఈ డాక్టరమ్మతో వాదన పెట్టుకున్న మనిషి.

“ఇంకొక్కసారి ఇట్లా జరిగితే బిడ్డ మీకు దక్కదు అవ్వా,” అంది డాక్టరమ్మ. తిమ్మమ్మ తల దించుకుంది.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఆ సామెత ఆరోజు ఆ ఇంట్లో అక్షరాలా జరిగింది. మంజు దుత్తను ఎత్తి వాకిట్లో పగలగొట్టింది.

“నా బిడ్డ పక్కకు రావద్దు నువ్వు. నీ ముఖం చూపించొద్దు నాకు.”

తను గోరుముద్దలు పెట్టి పెంచిన పిల్ల. తిమ్మమ్మ గుండె చెరువైపోయింది. చీరలు సంచిలో సర్దుకుంది.

బస్టాండు దాకా యతీశ్ వచ్చాడు, పళ్లు కొరుక్కుంటూ.

“ఎట్ల చేతులొచ్చినాయమ్మా నీకు?”

“బుద్ధి లేక చేసినాను. ఒక మాట విను నాయనా. నేను పోయినాక రాత్రిపూట మంజు ఒక్కతే అవుతుంది. నువ్వు పగటి డ్యూటీకి మార్చుకో. బిడ్డను నీ పక్కన పండుకోబెట్టుకో. రాత్రి పాలు నువ్వే కలిపి పట్టు. మంజును నిద్రపోనీ.”

“తెలుసులే. నువ్వు పో.”

“మార్చుకుంటావు కదా?”

“మార్చుకోక చస్తానా? నువ్వు చేసిన పనికి!”

కొంగుతో ముఖం తుడుచుకుని తిమ్మమ్మ అంచెట్టి బస్సెక్కింది.

యతీశ్ మంచివాడే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. బస్సు డెంకణికోట చేరేలోపే ఊరంతటికీ ఫోన్లు పోయాయి. అక్కడ బస్సెక్కిన పక్కింటి రంగమ్మ, సీటులో కూర్చోవడమే ఆలస్యం, అడిగేసింది.

“నిజమేనా తిమ్మక్కా? వద్దంటే కూడా వెన్న పెట్టినావంటనే?”

“పెట్టినాను.”

“తల్లి నువ్వుండి కూడా ఏం చేస్తాండావని ఆ మంజును అడిగేవాళ్లు లేరా?”

“దాన్నేమీ అనొద్దు రంగమ్మా. దాని తప్పు ఇసుమంత లేదు,” అని కిటికీ వైపు తిరిగింది తిమ్మమ్మ. నిన్న తెల్లవారుజామున, ఒళ్లు తెలియని నిద్రలో బిడ్డను దగ్గరికి లాక్కుని రొమ్ము అందించి, లేచాక ఆ సంగతే ఎరగని మంజును తను తప్ప ఎవరూ చూడలేదు.