అమ్మని తీసేస్తే పన్నెండు వంటలు

భీమిలి హోటళ్లలో ఇప్పుడు వడ్డన సంగతి బల్లే తేలుస్తుంది. కూర్చున్నవాళ్లలో ఒక్కరికి పడకపోయినా ఆ వంట ఎవరికీ రాదు. సుభాషిణికి రొయ్యలు, వేరుశనగ, కొబ్బరి పడవు. అందుకే సెలవులకని వచ్చిన ముగ్గురికీ బల్ల పెరుగన్నం ఒక్కటే చూపించింది.

"నాకొద్దు! రొయ్యలే కావాలి," అని ఏడేళ్ల కొడుకు ఉదయ్ ఏడుపు లంకించుకున్నాడు.

"ఒకరిని తీసేస్తే పన్నెండు వంటలు వస్తాయి. ఎవరిని తీసెయ్యమంటారు?" అంది బల్ల.

"అమ్మని!"

"ఒక్క పూటే కదేటి, ఎళ్లు," అన్నాడు భర్త తలెత్తకుండా.

ఆమె చేతులు కడుక్కునే చోట ఉన్న ఒంటరి బల్లకు వెళ్లింది. రొయ్యల వేపుడు రాగానే ఉదయ్ వాసన చూసి పళ్లెం తోసేశాడు.

"ఛీ, నీచు! అమ్మా, పెరుగన్నం కలిపి పెట్టు."

ఆమె అలవాటుగా లేచింది.

"తీసేసిన మనిషి దగ్గరికి రాకూడదు," అంది బల్ల.

"సెప్తంది కదే, కూకో," అన్నాడు భర్త, రొయ్య నములుతూ.