బండ మీదికి దారి

మంచుకొండల కింద లోయలో ఒక గ్రానైట్ బండ, దాని వెనకే ఒక పలకరాయి ఉండేవి. పలకరాయి మెత్తనిది. "గోరు తగిలితే పెచ్చులూడతావు, నువ్వూ ఒక రాయివేనా?" అని బండ రోజూ వెక్కిరించేది.

ఒకసారి చలి ముదిరి, కొండమీది మంచు పెద్ద నదిలా లోయలోకి జారుతూ వచ్చింది. శిఖరాల్ని చెక్కింది. మెత్తటి రాళ్లను గీకి, పిండి చేసి, పల్లానికి మోసుకుపోయింది.

"అన్నా, ఇక నా పని అయిపోయింది!" అని పలకరాయి వణికింది.

"నోరు మూసుకుని నా వీపుకు అతుక్కో," అంది బండ.

మంచు బండను ఢీకొని, దాన్ని ఒరుసుకుంటూ చీలి అటూ ఇటూ పోయింది. వేల ఏళ్లకు అది కరిగేసరికి బండ ముందువైపు నిట్టనిలువుగా, నున్నగా తేలింది. వెనక పలకరాయి ఏటవాలుగా మిగిలింది. దానిమీద గడ్డి మొలిచింది.

"నేను లేకపోతే నువ్వు లేవు," అని బండ మళ్లీ మొదలుపెట్టింది.

ఒకరోజు ఎగువన మంచునీటి చెరువుకు గండిపడి వరద ముంచుకొచ్చింది. చుక్కి అనే కొండమేక, రెండు పిల్లలతో పరుగెత్తుకొచ్చి బండ ఎక్కబోయి జారిపడింది.

"అయ్యో తల్లీ, నేను వంగలేనే!" అని బండ విలవిల్లాడింది.

"వెనకవైపుకు రా చుక్కీ, నా మీదుగా ఎక్కు!" అని పలకరాయి కేకేసింది.

మూడూ పైకెక్కేశాయి. కింద వరద హోరుమని పోయింది. భయం తీరిన పిల్లలు బండ నెత్తిమీద గంతులు మొదలుపెట్టాయి. ఇన్నేళ్లలో బండను ఎక్కినవాళ్లు ఎవరూ లేరు. ఆ చిట్టి గిట్టలకు దానికి చక్కిలిగింత పుట్టింది.

బండ మెల్లగా అడిగింది. "చెల్లీ, రేపు కూడా వీళ్లను పైకి పంపుతావా?"

"పంపకేం అన్నా," అని పలకరాయి నవ్వింది. "ముందు నా దగ్గర కడుపునిండా మేయనీ."