మార్చి దాకా మంచి పేరే

ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పగలవాణ్ణి మా చూలై పేట మొత్తానికీ నేనొక్కణ్ణే. ఒక్క మాట కల్పించను, ఒక్క మాట మింగను.

"మార్చిలో చూద్దాంలేమ్మా" అన్నాడు శ్రీకుమార్, ఆరతి ముందుపెట్టిన కాగితాన్ని వేలితో కూడా తాకకుండా.

అంబత్తూరులో ఆ కంపెనీ లెక్కల విభాగానికి ఆయన పెద్ద. ఎంత పెద్దంటే, ఆయన తుమ్మితే నాలుగంతస్తుల వాళ్ళూ రుమాళ్ళు తీసేవాళ్ళు. ఆరతి ఆయన కింద ఉద్యోగి.

"గుడ్‌విల్‌ని ఏడాదికోసారి పరీక్షించాలి. మనం మార్చిలో చేస్తాం. ఇది సెప్టెంబరు. మీ ఇంట్లో క్యాలెండరు లేదా?"

"ఏడాదికోసారన్నది తక్కువలో తక్కువ సార్. మధ్యలో విలువ పడిపోయిన సూచన కనిపిస్తే అప్పుడే పరీక్షించాలి. మార్చి దాకా ఆగకూడదు."

"ఏం సూచన కనిపించింది నీకు?"

"మనకి కొట్టు అమ్మిన భాష్యంగారే ఎదురు కొట్లో కాఫీ పొడి కొనుక్కుంటున్నారు సార్."

శ్రీకుమార్‌కి నవ్వొచ్చింది గానీ హోదా అడ్డొచ్చి దగ్గాడు.

భాష్యం కాఫీ కొట్టు చూలైలో రెండు తరాలది. గింజలు వేపుతుంటే ఆ వాసనకి సెంట్రల్ స్టేషన్‌లో రైళ్ళు కదలమని మొరాయించేవి. ఏ ఇంటికి ఎంత చికోరీ కలపాలో, పొడి ఎంత మెత్తగా నలగాలో ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ చెప్పేవారూ కాదు. గుమ్మంలో మనిషి కనబడగానే మిషను దగ్గర కన్నియమ్మ చెయ్యి దానంతటదే తిరిగేది. కంపెనీ ఆ కొట్టును కొన్నప్పుడు మిషన్లకీ గోడలకీ ఇచ్చింది కొంచెమే. మిగతాదంతా జనం అలవాటుకీ, నమ్మకానికీ కట్టిన ధర. లెక్కల్లో దాని పేరే గుడ్‌విల్. కొన్నాక చేసిన మొదటి పని, అంబత్తూరులో అందరికీ ఒకే పొడి ఆడించి ప్యాకెట్లలో పంపడం. పాతవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి భాష్యం కూడా.

"దీపావళికి కొట్టే మూసేస్తున్నాం కదా సార్. అది సూచన కాదా?"

"మూసెయ్యడం అనకూడదు. పునర్వ్యవస్థీకరణ."

"పనివాళ్ళకి పరిహారం రొక్కంగా ఇస్తామన్నారు. షేర్లుగా తీసుకుంటే సగం ఎక్కువ ఇస్తామన్నారు, అదీ ఏడాది దాకా అమ్మకూడదని. మార్చిలో ఈ గుడ్‌విల్ సున్నా అని రాస్తే ఆ షేర్లు ఏమవుతాయి?"

"ఇప్పుడే రాస్తే షేర్లు ఎవరు తీసుకుంటారు?"

"నేనూ అదే అంటున్నాను సార్."

శ్రీకుమార్ కుర్చీ ముందుకు జరిపాడు. "చూడమ్మా, మేనేజర్ల జాబితా సోమవారం పైకి వెళ్తుంది. అందులో నీ పేరుంది. ఉండనీ. ఇంకోటి, ఈ గదిలో మాట బయటికి పొక్కితే ఉద్యోగం ఒక్కటే కాదు, కేసు కూడా అవుతుంది."

విలువ తగ్గిన సూచనలేవీ లేవని ఇంకో కాగితం తయారైంది. ఆరతి సంతకం పెట్టింది.

మర్నాడు సామాన్ల లెక్క చూడ్డానికి ఆమెనే చూలై పంపారు. కన్నియమ్మ మిషను తుడుస్తోంది. ఆడించడానికి ఏమీ లేకపోయినా తుడుస్తోంది.

"ఏమి పాపా, ఆఫీసరమ్మ అయినాక ఈడికి దావే మర్సిపోయినావే! మీ తాత పొడి పట్టించుకునేటప్పుడు ఈడనే కూర్చోబెట్టుకుంటి నిన్ను. గింజ నోట్లో ఏసుకుని ఉమ్మేస్తా ఉంటివి."

ఆరతి నవ్వబోయి, నవ్వలేకపోయింది.

"బాగుండావా అక్కా?"

"నా బాగుకేమిలే. మా కూతురు విజికి నర్సింగు సీటు వచ్చిండాది. మొదటేడు ఎట్లో కట్టేస్తి. మిగతాది ఈ కంపెనీ ఇచ్చేదాంట్లోనే కట్టాల. షేరు తీసుకుంటే సగం జాస్తి ఇస్తారంట గదా! ఈడ నాతో పనిచేసే పాల్‌రాజ్ షేరే అని రాసిచ్చేసినాడు. నాకు ఒక మన్నూ తెలీదు. నువ్వు లెక్కల మనిషివి, మన ఇంటి పిల్లవి. నువ్వు ఏది చెప్తే అదే. రొక్కమా, షేరా?"

ఆరతి గుమ్మం వైపు చూసింది. కంపెనీ నుంచి తనతో వచ్చినవాడు బయట ఫోన్లో ఉన్నాడు.

"రొక్కం తీసుకో అక్కా" అంది గొంతు తగ్గించి. "నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనొద్దు."

కన్నియమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "సరి పాపా" అని మళ్ళీ మిషను తుడుచుకుంది.

మార్చి వచ్చింది. పరీక్ష శాస్త్రోక్తంగా జరిగింది. గుడ్‌విల్ సున్నా అని తేలింది. అందరూ ఆశ్చర్యపోయారు, శ్రీకుమార్ అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయి, జీతం పెంచుకుని వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. షేరు కూలిపోయింది. పాతకాలపు షేరైతే పొట్లం కట్టుకోవడానికైనా పనికొచ్చేది. ఇప్పటి షేర్లకి కాగితం కూడా ఉండదు.

ఆరతి మేనేజరైంది. అద్దాల గది ఇచ్చారు. కాఫీ మానేసింది.

కన్నియమ్మ తిరువొత్తియూరులో ఉంటోంది. అటువైపు ఆఫీసు పని పడితే ఆరతి ఇంకొకరిని పంపుతుంది. ఒకసారి లోకల్ రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో కన్నియమ్మ దూరం నుంచి చూసి "పాపా!" అని కేకేస్తే, ఆరతి తన స్టేషన్ రాకముందే గబగబా దిగిపోయింది. మేలు చేసినవాళ్ళు కొందరంతే. ఎదుటివాళ్ళు చెయ్యెత్తి మొక్కుతారేమోనని తప్పుకు తిరుగుతారు.

అన్నట్టు, రొక్కం తీసుకోమని ఆరతి చెప్పిందన్నది మాత్రం నేను కల్పించాను.